మోకు గీసిన గీతలు

డాక్టర్ శ్రీనివాసులు మా కాటన్‌పేట ఇంటి మేడ మీద అద్దెకు దిగిన రోజున ఆయన సామాను జట్కాలో వచ్చింది. ఆయన మైక్రోస్కోపు మాత్రం ఆయన ఒళ్లో కూర్చుని టాక్సీలో వచ్చింది. లండన్‌లో మూడేళ్లు రాళ్లను చదివి, ఇక్కడ రాళ్ల పరిశోధన చేసే ఒక సర్కారీ ఆఫీసులో పెద్ద కుర్చీలో చేరాడు. పెళ్లి కాలేదు. తనతో సమానంగా మాట్లాడగల మనిషి అప్పటికి ఆయనకు తానొక్కడే దొరికాడు.

వచ్చిన వారంలోనే నాకు భూగర్భశాస్త్రం బోధించాడు. నేను పెరట్లో ఇడ్లీకి రుబ్బుతుంటే మెట్ల మీద ఆగి, "ఆ రోలు గ్రానైటమ్మా. గ్రానైట్ అంటే ఒక రకం రాయి" అన్నాడు. నేను "అలాగాండీ" అన్నాను.

నేను సెంట్రల్ కాలేజీలో భూగర్భశాస్త్రం చదివి, 1949లో బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను. ఆ మరుసటేడు నూలు టోకు వ్యాపారం చేసే ఇంటికి కోడలినై వచ్చాను. ఈ ఇంట్లో రాళ్లంటే బియ్యంలో ఉండేవే. ఆ మాట డాక్టరుకు చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఆయన అడగాలి, అంతే. మావారు జయరామప్ప పేపరు చాటున నవ్వాపుకుని, "ఏమే, చెప్పేస్తే పోతుంది గదా" అన్నారు.

"అడిగితే చెప్తాను."

రెండేళ్లయింది. అడగలేదు. ఈలోగా పాలరాయి తెల్లగా ఎందుకుంటుందో, బంగారం ఎక్కడ దొరుకుతుందో, భూమి గుండ్రంగా ఉంటుందన్న సంగతీ నాకు ఆయన ద్వారా తెలిశాయి.

1964లో, వర్షాలు వెనకబట్టాక, ఒక ఆదివారం సాయంత్రం ఆయన ఫొటోలు పట్టుకుని కిందికి దిగాడు. అత్తగారు నంజమ్మ చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. మావారికి ఒకటి, నాకొకటి ఇచ్చాడు. అత్తగారికి ఇవ్వలేదు. ఆమె కళ్లద్దాలు పెట్టుకోలేదని కాదు, ఆమె అక్కడ ఉన్నట్టు ఆయన గమనించలేదు.

ఫొటోలో బెంచీ అంత నల్లరాయి. సగం నేలలో పాతుకుపోయి, చుట్టూ లాంటానా పొదలు. దాని ఒక అంచున ఆరు గాడులు, ఒకదాని పక్కనొకటి, సమానంగా.

"కోలారు గనులకు కాస్త ఉత్తరాన, తెలుగు మాట్లాడే పల్లె ఒకటుంది. అక్కడ దొరికింది" అన్నాడు డాక్టరు. "ఆ ప్రాంతంలో నల్లరాళ్ల వరుస ఉంది కదండీ. అదంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద. రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి మాట. తర్వాత భూమి లోపలి వేడికి ఉడికి, ఒత్తిడికి నలిగి, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగింది. ఎంత బలంగా సాగిందో ఈ గీతలే సాక్ష్యం. ప్రకృతి చేసిన సంతకమమ్మా ఇది! డిసెంబరులో ఢిల్లీ సభలో దీని మీద వ్యాసం చదువుతున్నాను."

నేను ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ప్రతి గాడీ అంచు దగ్గర బొటనవేలు పట్టేంత లోతు. వెనక్కి పోయేకొద్దీ తేలిపోయింది. లోపలంతా నున్నగా మెరుస్తోంది. రాయి సాగితే గీత రాయి పొడవునా ఉండాలి గానీ, అంచు దగ్గరే ఎందుకు పుడుతుంది?

మా పుట్టింటి వైపు కపిల బావులుండేవి. రెండెద్దులు ముందుకు దిగుతూ, వెనక్కి ఎక్కుతూ తోలు బానతో నీళ్లు తోడేవి. బానకు కట్టిన లావు తాడును మోకు అంటారు. తడిసి, ఇసకంటిన ఆ మోకు గట్టు రాతి మీద పొద్దస్తమానం రాసుకుంటూ ఉంటే ముప్పై నలభై ఏళ్లకు రాయి కూడా ఓడిపోతుంది. ఫొటోలో నాకు కనిపించింది ప్రకృతి సంతకం కాదు, రెండెద్దుల సంతకం.

"ఆ పల్లెలో ఎవరినైనా అడిగారాండీ, ఈ రాయి గురించి?" అన్నాను.

"వాళ్లకేం తెలుస్తుందమ్మా, పాపం. రాయంటే వాళ్లకు రాయే."

అప్పుడు నోరు మూసుకున్నాను. భయంతో కాదు, మర్యాదతో అసలే కాదు. ఢిల్లీ దాకా పోనీ అనుకున్నాను. అక్కడ మూడో వరసలో ఎవరో ఒక రైతు బిడ్డ లేచి, "అయ్యా, బావి ఎంత దూరంలో ఉంది?" అని అడుగుతాడు. ఆ మనిషికి చొక్కా రంగు కూడా నేనే ఎంచి పెట్టాను. ఆరు వారాలు వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఆ ప్రశ్నను మనసులో వింటూ కులాసాగా గడిపాను.

నేను మర్చిపోయింది ఒకటుంది. అలాంటి మనుషులు తప్పు చేస్తే ఆ తప్పు వాళ్ల దగ్గర ఆగదు. కింద ఎవరున్నారో చూసుకుని వాళ్ల నెత్తిన దిగుతుంది.

ఒక మధ్యాహ్నం తిమ్మరాయప్ప వచ్చాడు. మావారికి పిన్నమ్మ కొడుకు, నాకు మరిది. డాక్టరు ఆఫీసులోనే పని. రాతి ముక్కను పలచటి బిళ్లగా కోసి, గాజు పలక మీద జిగురుతో అంటించి, కార్బొరండం పొడి వేసి అరగదీసి, అరగదీసి, వెలుతురు ఇవతలి నుంచి అవతలికి దూరేంత పలచన చేస్తాడు. దాన్ని స్లైడు అంటారు. మైక్రోస్కోపు కింద పెడితే రాతిలోని ఖనిజాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. చివరి నాలుగు రుద్దులు ఎక్కువైతే రాయి మొత్తం నీళ్లలో కలిసిపోతుంది, తక్కువైతే అన్నీ తప్పు రంగుల్లో కనిపిస్తాయి. ఆ నాలుగు రుద్దులు పుస్తకాల్లో ఉండవు, వేళ్లలో ఉంటాయి. అయినా ఉద్యోగం మాత్రం తొమ్మిదేళ్లుగా టెంపరరీ.

గుమ్మంలోనే నిలబడి, "వదినా, నా పని అయిపాయె" అన్నాడు.

"కూర్చో ముందు."

"కూర్చోని ఏం జేసేది? రాయి మార్చినానంట. డాక్టరు ఇచ్చిన రాయి యాడనో పారేసి, ఇంకేదో రాయి కోసి ఇచ్చినానంట. పైనాఫీసరుకు రాసిపెట్టినాడు. నెలాఖరుకు నా పర్మనెంటు ఆర్డరు రావాల్సి ఉండాది వదినా. ఇప్పుడు ఆర్డరు రాదు, ఇంటికి పో అనే కాగితం వస్తాది."

"ఏ రాయి?"

"అదే, గీతల రాయి. గీతలు ఎట్ల పోతాండాయో చూపించి ఎర్ర రంగుతో బాణం గుర్తేసి ఇచ్చినాడు. బాణం ఎమ్మడే కోసినా. లోపల సూదులన్నీ బాణం దిక్కే ఉండాలంట. లేవు. లేకపోతే నేనేం జేతును, రాతిలోకి దూరి సర్దేదానికి అయితాదా?"

"నువ్వు మార్చలేదుగా?"

నీ బిడ్డల్లో ఎవరినైనా బస్టాండులో మార్చుకున్నావా అని అడిగినట్టు చూశాడు నన్ను. నేను చూపు తిప్పుకున్నాను. ఆరు వారాలుగా నేను ముచ్చటపడి పంపించిన అవమానం అడ్రసు తప్పి మా మరిది ఇంటికి చేరింది.

తిమ్మరాయప్ప ఎప్పుడూ ఒక రాయికి రెండు స్లైడులు చేస్తాడు, ఒకటి పగిలితే ఇంకొకటి ఉండాలని. రెండోది రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని వచ్చాడు. డాక్టరు ఆఫీసులో ఉన్నాడు. పాలవాడి కోసం మేడ తాళంచెవి మా అత్తగారి దగ్గరే ఉంటుంది. ఇద్దరం పైకి వెళ్లాం.

"వదినా, ఎవురన్నా చూస్తే?"

"దుమ్ము దులపడానికి వచ్చామని చెప్పు. ఆ మైక్రోస్కోపు మీద నిజంగానే ఉంది."

పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఆ గొట్టంలోకి చూశాను. హార్న్‌బ్లెండ్ అనే పచ్చటి ఖనిజం సూదులు సూదులుగా ఉంది. కళ్లంలో గడ్డి విదిల్చినట్టు ఒకటి ఇటు, ఒకటి అటు. కొన్ని నిలువునా పొడుగ్గా, కొన్ని అడ్డంగా తెగి చిన్న చిన్న వజ్రాకారాలుగా కనిపిస్తున్నాయి. ఏ దిక్కుకూ సాగినట్టు లేదు. వాటి మధ్యన ప్లాజియోక్లేజ్ అనే తెల్లటి ఖనిజం పుల్లలు పుల్లలుగా, సగం చెదిరిపోయి, పాత గోడ మీద సున్నం కింద కనిపించే బొమ్మల్లాగా. బురదలో ఆ పుల్లలు అలా ఉండవు. కరిగిన లావా చల్లారినప్పుడే అలా పడతాయి.

అంటే ఇది సముద్రం అడుగున పేరుకున్న మన్ను కాదు, సముద్రం అడుగును పగలగొట్టుకుని వచ్చిన లావా. బోండాలు వేయడాన్ని తిరగేసినట్టు, వేడి పిండి చల్లటి నీళ్లలో పడింది. తర్వాత లోతుకు దిగింది. అక్కడి వేడికి, ఒత్తిడికి, ఊరిన కాస్త నీటికి లావాలోని పైరాక్సీన్ అనే ఖనిజం హార్న్‌బ్లెండ్ అయింది. దినుసులు మారాయి, అమరిక మాత్రం చాలావరకు నిలిచింది. ఇంత కథా ఆ గాజు పలక మీద వెంట్రుక కంటే పలచగా ఉంది. డాక్టరు అది చదివి, పలక తప్పన్నాడు.

"స్లైడు బాగుండాదా వదినా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"చాలా బాగుంది. అదే వచ్చిన చిక్కు."

సాయంత్రం డాక్టరుకు నేరుగా చెప్పొచ్చు. కానీ రోలు ముందు కూర్చునే మనిషి చెబితే ఆయన నవ్వి, హార్న్‌బ్లెండ్ అంటే ఏమిటో నాకు వివరిస్తాడు. ఆయన్ని ఆ రాయి ముందరే నిలబెట్టాలి. అందుకని మెట్ల దగ్గర ఆపి, "మా అత్తగారికి మీ గీతల రాయిని చూడాలనుందండీ. ప్రకృతి సంతకం కదా, దణ్ణం పెట్టుకుంటారట" అన్నాను. మొదటి భక్తురాలు దొరికిందని ముఖం వెలిగింది. "తప్పకుండా! నేనూ వెళ్లాల్సి ఉంది. ఒక మూర్ఖుడు నా నమూనా మార్చేశాడు. ఈసారి నా చేత్తో కొట్టి తెస్తాను" అన్నాడు. ఆ మూర్ఖుడు మా మరిది అని ఆయనకు తెలుసు. మాకు బాధ కలుగుతుందని మాత్రం తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే మావారు నూలు బేళ్ల వ్యాను తీశారు. డాక్టరు ముందు సీట్లో, నేనూ అత్తగారూ వెనక బెంచీ మీద, తిమ్మరాయప్ప సుత్తి పట్టుకుని అన్నిటికంటే వెనక. దారి పొడుగునా కనిపించిన ప్రతి గుట్టకూ డాక్టరు పేరు పెట్టుకుంటూ వచ్చాడు. ఏ గుట్టా ఎదురు చెప్పలేదు.

పల్లె బయట పొలంలో దిగాం. అత్తగారు చెప్పులు విడిచి, కొబ్బరికాయ పట్టుకుని భక్తిగా రాయి దగ్గరికి నడిచారు. వంగి గాడిలో చెయ్యి పెట్టారు. వేలు ముందుకు పోనిచ్చారు, వెనక్కి తెచ్చారు. కొబ్బరికాయ చంకలో పెట్టుకున్నారు.

"ఓయప్పా, ఇది కపిల రాయి గదా! దీనికా నేను చెప్పులిడిసింది? బావి యాడుండాది?"

"లాంటానా ఎనకాల ఉండాదమ్మా" అంది ఒక గొంతు. పొలం మనిషి, పేరు ఆవులప్ప. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఎండిపోయి ఆరేండ్లాయె. కరెంటు మోటారు పెట్టినంక కపిల ఇప్పేసినాం. మా తాత నాటిచ్చిన రాయి ఇది."

"గీతలు?" అన్నాడు డాక్టరు.

"మోకువి గదా సామీ. మా తాతవి రెండు, మా నాయనవి మూడు, నాది ఈ కడాది." గాడుల్ని తరాలవారీగా చూపించాడు. "మీరు మొన్న ఫొటోలు తీసుకుంటాంటే చెప్పేదానికి వస్తిని. 'జరుగు, నీడ పడతాది' అంటిరి. జరిగితిని."

మావారు ఉన్నట్టుండి వ్యాను టైరును పరీక్షించడానికి వెళ్లిపోయారు. తిమ్మరాయప్ప సుత్తికేసి చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు పొదల వెనక్కి వెళ్లి బావిని చూశాడు. తిరిగి వచ్చి గాడుల్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో కొంత మానవ ప్రమేయం ఉన్నట్టు కనిపిస్తోంది."

"ఎద్దుల ప్రమేయం కూడా" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసా?"

"ఫొటో చూసినప్పుడే."

"ఆ రోజే చెప్పి ఉంటే నేను ఆ కాగితం రాసేవాణ్ణే కాదు కదమ్మా."

రెండేళ్లలో ఆ మనిషి నాతో అన్న సరైన మాట అదొక్కటే. "సరే. ఇప్పుడు వెనక్కి తీసుకోండి" అన్నాను.

"వ్యాసం మానేస్తాను. ఫొటో చించేస్తాను. కానీ ఆ కాగితం వేరే విషయం. వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను, తాడు గీతలని చెప్పనా? అతనికి ఇంకెక్కడైనా పని దొరుకుతుంది లెండి."

తిమ్మరాయప్ప అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. డాక్టరు గొంతు తగ్గించలేదు. కోపం వస్తే నాకు మాట నెమ్మదిస్తుంది. "ఆవులప్పా, మీ తాత ఈ రాయిని ఎక్కణ్ణించి తెచ్చినాడు?" అని అడిగాను.

"ఆ గుట్ట మింది నుంచి దొర్లిచ్చుకొచ్చినాడు తల్లీ. అంతా ఇదే రాయి."

"రండి" అన్నాను డాక్టరుతో. ఆ స్వరంలో నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. వచ్చాడు.

గుట్ట మీద గాలికీ వానకూ కడిగినట్టున్న చోట రాయి మొత్తం గుండ్రటి, కాస్త అణిగిన ఆకారాలుగా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన దిండ్ల లాగా. ప్రతిదానికీ చుట్టూ నల్లటి పెచ్చు. పైది కింది రెండింటి సందులోకి చిన్న తోకలా దిగబడింది, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పడ్డట్టు.

"ఇది బురద కాదండీ. నీళ్లలో పారిన లావా. పెచ్చు ఎందుకు కట్టిందంటే, నీళ్లు తగిలిన వెంటనే పైన గట్టిపడింది. మీ స్లైడులో హార్న్‌బ్లెండ్ సూదులు నాలుగు దిక్కులా ఉన్నాయి, ప్లాజియోక్లేజ్ పుల్లల గుర్తులు మిగిలాయి. పాత సముద్రపు నేల ఇది, సాక్షాత్తూ ఆ నేలే. ఇంత పెద్ద వస్తువు మీద నిలబడి, మీరు తాడు గీతల్ని ఫొటో తీసుకున్నారు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ తోకల్ని ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. చదువు నిజంగానే ఉంది మనిషికి, కళ్లే లేవు. చూపిస్తే మాత్రం చప్పున అందుకున్నాడు. "మీరు ఎక్కడ..." అన్నాడు.

"సెంట్రల్ కాలేజీ. అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు బేరం. ఈ గుట్ట ఘనత మీది. లావా అని ఢిల్లీలో మీరే చెప్పుకోండి, నేను నోరెత్తను. కానీ చెప్పాలంటే మీకు ఆ స్లైడు కావాలి. ఆ స్లైడు తప్పయితే మీ లావా కూడా తప్పే. అది సరైనదని ముందు మీరే రాయాలి."

ఆయన లేచి, పంట్లాం దులుపుకున్నాడు. "నిజానికి లావా అయ్యుండొచ్చని నాకు మొదటినుంచీ అనుమానం ఉండేది" అన్నాడు.

"ఉండే ఉంటుందండీ. రాయండి."

వ్యాను బానెట్ మీద కాగితం పరిచి రాశాడు. 'నమూనా మార్పిడి జరిగిందన్న నా అభిప్రాయం పొరపాటు. స్లైడు నేనిచ్చిన రాతిదే. పనితనం శ్రేష్ఠమైనది.' 'పొరపాటు' అన్న మాట దగ్గర కలం చాలాసేపు ఆగింది. మావారు పక్కనే నిలబడి, "ఇంకు అయిపోయిందా సార్? నా పెన్ను ఉండాది" అన్నారు. ఆ కాగితాన్ని నేనే మడిచి తిమ్మరాయప్పకు ఇచ్చాను. సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తియ్యకముందే వాడు పైనాఫీసరు గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఢిల్లీలో డాక్టరుకు చప్పట్లు బాగా పడ్డాయని విన్నాను. అచ్చైన వ్యాసం మెట్ల దగ్గర ఆయనే తెచ్చి ఇచ్చాడు. మొదటి పేజీలో తిమ్మరాయప్ప కోసిన స్లైడు ఫొటో పెద్దగా వేశారు. చివర్న కృతజ్ఞతలు చెప్పిన పన్నెండు మందిలో తిమ్మరాయప్ప లేడు, ఆవులప్ప లేడు. నేనెలాగూ ఉండను, అది బేరం. 'ప్రాచీన సముద్రపు నేలను తొలిచూపులోనే గుర్తించిన రచయిత' అని సంపాదకుడు ముందుమాటలో రాశాడు. తొలిచూపులో ఆయన గుర్తించింది ఏమిటో నాకు తెలుసు, రెండెద్దులకు తెలుసు.

పర్మనెంటు ఆర్డరు అంతకుముందే, రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది. తిమ్మరాయప్ప పెళ్లాం బిడ్డలతో, మైసూరుపాకు పొట్లంతో వచ్చాడు. ఆర్డరు కాగితాన్ని అత్తగారి కాళ్ల దగ్గర పెట్టి లేచాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"వదినా, నిన్న డాక్టరు నన్ను రూములోకి పిలిపిచ్చినాడు. కుర్చీ ఏసినాడు. 'తిమ్మరాయప్పా, నీ స్లైడు లేకపోతే నా పేపరే లేదు' అన్నాడు. ఎంత పెద్ద మనిషి వదినా! తన తప్పు తానే రాసిచ్చినాడు గదా. అట్లా ఎవురు రాస్తారు ఈ కాలంలో? దేవుడు వదినా ఆయన, దేవుడు."

మావారు నావైపు చూశారు. నేను మైసూరుపాకు నోట్లో పెట్టుకుని ఊఁ అన్నాను. ఉద్యోగం నిలబడ్డవాడి ముఖం అంత వెలుగుతుంటే, అంతకు మించి ఏ మాటైనా అనడానికి నోరు రాదు.